సెలక్షన్ లిస్టు ఒక్కటే కాదు సార్, స్కోరు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆ మధ్య మీ స్పోర్ట్స్ పేజీలో జపాన్ బేస్‌బాల్ ఆటగాడు ఇచిరో సుజుకి మీద అర కాలమ్ వార్త వేశారు. తెలుగు పేపర్లో బేస్‌బాల్‌కు అర కాలమ్ దొరకడమే గొప్ప, దానికి ముందుగా థ్యాంక్స్. కానీ సార్, పుట్టుకతోనే మేధావి అని ఒక ముక్క అనేసి, జపాన్‌లో ఆడిందంతా ఒక్క వాక్యంలో చుట్టేసి, నేరుగా అమెరికాలోని సియాటిల్ జట్టుకు, అక్కణ్ణుంచి 2025లో అక్కడి బేస్‌బాల్ గొప్పవాళ్ల గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లిపోయారు. 394 ఓట్లలో 393 పడ్డాయని, ఒక్క ఓటుతో ఏకగ్రీవం తప్పిపోయిందని రాశారు, నిజమే. మరి 1992, 1993 సంగతేమిటి? ఆ రెండేళ్లు అతను ఎక్కడున్నాడో రాయకపోతే ఆ కథలో మా అనంతపురం పిల్లలకు పనికొచ్చే భాగం మొత్తం ఎగిరిపోయినట్టే. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే అవుతుంది, కత్తిరించక తప్పదనుకుంటే నా గురించి రాసుకున్నది కత్తిరించండి, ఇచిరో లెక్కలు మాత్రం ఉంచండి.

నేను ఈ జిల్లాలో హైస్కూళ్లలో పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి. పిల్లల భాషలో డ్రిల్లు సారు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌తో పాటు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ కూడా ఆడించాను. మన దగ్గర ఈ ఆట ఎవరాడతారప్పా అని నవ్వేవాళ్లు చాలామంది. స్కూల్ గేమ్స్‌లో ఈ రెండు ఆటలూ ఉన్నాయి, స్పోర్ట్స్ కోటాలో సీటుకు సర్టిఫికెట్ పనికొస్తుందని తల్లిదండ్రులే పిల్లల్ని తోలుకొచ్చి వదుల్తారు. సీటు కోసం వచ్చినవాళ్లలోనే కొందరు ఆటలో పడిపోయి చీకటి పడేదాకా గ్రౌండ్ వదలరు. అట్లాంటివాళ్ల గురించే నా బాధంతా.

ఇచిరో ఔట్‌ఫీల్డర్. అంటే బేస్‌ల (బ్యాటర్ కొట్టాక వరసగా పరుగెత్తి చేరాల్సిన గుర్తుల) వెనకాల, బౌండరీ వైపు ఉండే ముగ్గురిలో ఒకడు. అతని స్థలం రైట్ ఫీల్డ్, అక్కణ్ణుంచి థర్డ్ బేస్‌కు విసరాలంటే మైదానం మొత్తం దాటించాలి కాబట్టి చేతిలో బలం లేనివాణ్ణి అక్కడ నిలబెట్టరు. ఇక బ్యాటింగ్ సగటు క్రికెట్ సగటు లాంటిది కాదు. బంతి కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరితే అది హిట్. పదిసార్లు బ్యాటింగ్‌కు దిగి మూడుసార్లు హిట్ కొడితే 0.300, అంత నిలబెట్టుకున్నవాడు మంచి బ్యాటర్ కిందే లెక్క. ఇది గుర్తుంటే కింద రాసిన అంకెలు అర్థమవుతాయి.

ఇచిరో 1973 అక్టోబర్ 22న పుట్టాడు, పెరిగింది నగొయా పక్కన తొయొయామాలో. పుట్టుకతో కుడిచేతి వాటం, బంతి కుడిచేత్తోనే విసురుతాడు, కానీ చిన్నప్పుడే వాళ్ల నాన్న నొబుయుకి బ్యాటింగ్ ఎడమ వైపు నుంచి చేయించాడు, ఎందుకంటే ఎడమ వైపు నిలబడినవాడికి ఫస్ట్ బేస్ ఒకట్రెండు అడుగులు దగ్గరవుతుంది. ఇంటికి దగ్గర్లోనే డబ్బులు వేస్తే మిషన్ బంతులు విసిరే బ్యాటింగ్ సెంటర్ ఒకటి ఉండేది, స్కూలు వయసులో సాయంత్రాలు తండ్రీకొడుకులిద్దరూ అక్కడే. ఇదంతా చేశాక పుట్టుకతోనే మేధావి అంటే ఆ తండ్రి ఏమనుకోవాలి? (ఆయన కాఠిన్యం గురించి ఇచిరో పెద్దయ్యాక అంత తియ్యగా ఏమీ మాట్లాడలేదు, కాబట్టి మన నాన్నలు దీన్ని చదివి రేపట్నుంచి పిల్లల మీద పడొద్దని మనవి.)

హైస్కూల్లో అతను పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. ఐకోదై మెయ్‌దెన్ స్కూలు తరఫున కోషియెన్ టోర్నమెంటుకు 1990లో ఒకసారి, 1991లో ఒకసారి వెళ్లాడు. జపాన్‌లో కోషియెన్ అంటే స్కూలు పిల్లల ఆటను దేశం మొత్తం పని మానుకుని చూస్తుంది. రెండుసార్లూ మొదటి మ్యాచ్‌లోనే ఇంటికొచ్చేశారు. మనిషి చూడ్డానికి పుల్లలా ఉండేవాడు. 1991 డ్రాఫ్ట్‌లో (ప్రొఫెషనల్ జట్లు కొత్త కుర్రాళ్లను రౌండ్ల వారీగా ఎంచుకునే చోట) ఒరిక్స్ బ్లూవేవ్ జట్టు అతన్ని నాలుగో రౌండులో గానీ తీసుకోలేదు, అదీ పిచ్చర్‌గా కాదు, ఔట్‌ఫీల్డర్‌గా మార్చుకుందామని.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. జపాన్‌లో ప్రతి ప్రొఫెషనల్ జట్టుకూ ఒక రెండో జట్టు ఉంటుంది, వాటికి విడిగా లీగులు ఉంటాయి. అప్పట్లో ఒరిక్స్ రెండో జట్టు ఆడింది వెస్టర్న్ లీగ్‌లో. 1992లో, పద్దెనిమిదేళ్లకు, ఇచిరో ఆ లీగ్‌లో 0.366 కొట్టి బ్యాటింగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. అదే ఏడాది పై జట్టులో 40 మ్యాచ్‌లు ఆడించి చూస్తే 24 హిట్లు, సగటు 0.253. మరుసటి ఏడాది 1993లో ఇంకా ఘోరం, 43 మ్యాచ్‌లకు 12 హిట్లు, 0.188. ఆ పన్నెండులో ఒకటి హోమ్ రన్ (ఒకే దెబ్బకు బేస్‌లన్నీ చుట్టేయడం), అతని మొట్టమొదటిది, కొట్టింది ఎవరి బంతిని అంటే అప్పట్లో జపాన్ బ్యాటర్లందరికీ నిద్ర లేకుండా చేస్తున్న హిదియో నోమో బంతిని. అయినా ఆ సీజన్లో పై జట్టులో కుదురుగా చోటు దక్కలేదు. రెండేళ్లకు కలిపి 83 మ్యాచ్‌లు, 36 హిట్లు. ఈ అంకెలు మాత్రమే చూసిన మన సెలక్టర్ ఎవరైనా ఏమంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

గొడవంతా అతని స్టైల్ దగ్గర వచ్చింది. రెండో జట్టులో కెనిచిరో కవామురా అనే బ్యాటింగ్ కోచ్‌తో కూర్చుని ఇచిరో ఒక పద్ధతి తయారు చేసుకున్నాడు. పిచ్చర్ చేయి ఎత్తేసరికి ఇతను కుడికాలు పైకి లేపి వెనక్కి, ఎడమకాలి వైపు లాక్కుంటాడు, ఆ కాలు గాల్లోనే ఊగి మళ్లీ ముందుకొస్తుంది, ఆ ఊపుకు ఒళ్లు మొత్తం బంతి మీదికి జరుగుతుంది, బ్యాట్‌కు బంతి తగిలే సమయానికి పరుగు సగం మొదలైపోయి ఉంటుంది. దానికి లోలకం బ్యాటింగ్ అని అక్కడ పేరే పడిపోయింది. పుస్తకం ప్రకారం ఇది తప్పు. బరువు వెనక కాలి మీద ఆపుకుని కొట్టాలి, తల కదలకూడదు, నేను కూడా పిల్లలకు చెప్పింది అదే, ఇప్పటికీ మొదటి నెల పిల్లలకు అదే చెబుతాను.

అప్పటి మేనేజర్ షోజో దోయి. బేస్‌బాల్‌లో మేనేజర్ అంటే ఆఫీసులో కూర్చునే మనిషి కాదు, జట్టులో ఎవరు ఆడాలో, ఎప్పుడు మార్చాలో చెప్పే హెడ్ కోచ్. దోయి చిన్నవాడేం కాదు, 1965 నుంచి 1973 దాకా వరసగా తొమ్మిదేళ్లు అక్కడి ఛాంపియన్‌ను తేల్చే జపాన్ సిరీస్ గెలిచిన యొమియురి జెయింట్స్‌లో సెకండ్ బేస్ ఆడిన మనిషి. క్రమశిక్షణ, పద్ధతి, పునాది అనే మాటల్లో పెరిగినవాడు. ఈ ఊగే కాలు ఆయనకు నచ్చలేదు, మార్చుకో అన్నాడు. కుర్రాడు మార్చుకోలేదు. ఇన్నేళ్ల తర్వాత దోయిని విలన్ చేయడం చాలా ఈజీ, కానీ పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి మొదటి ఏడాదే 40 మ్యాచ్‌ల్లో దింపడం తక్కువేమీ కాదు, పై జట్టులో ఆ పిల్లాడి అంకెలు కూడా ఆయనకే వత్తాసు పలికాయి. నాకు ఆయన మీద కోపం లేదు. నా ఆసక్తి వేరే, ఆ రెండేళ్లలో ఇచిరో పనికిరానివాడని ముద్ర పడకుండా ఆపింది ఏది అని.

1993 చలికాలంలో అతను హవాయికి వెళ్లి హిలో స్టార్స్ అనే జట్టుకు ఆడొచ్చాడు. తిరిగొచ్చేసరికి ఒరిక్స్‌లో మేనేజర్ మారిపోయాడు, అకిరా ఓగి వచ్చాడు. ఈ ఓగి గురించి ఒక మాట చెప్పాలి. అంతకుముందు కింతెత్సు జట్టులో మేనేజర్‌గా ఉన్నప్పుడు ఈయన కిందికే నోమో వచ్చాడు, బ్యాటర్‌కు వీపు కనబడేదాకా ఒళ్లు మెలితిప్పి విసిరే ఆ నోమోనే. పుస్తకం ప్రకారం అదీ తప్పే. ఓగి దాని జోలికి పోలేదు, విసరనిచ్చాడు, నోమో 1990లో మొదటి సీజన్లోనే లీగ్ మొత్తాన్ని కూర్చోబెట్టాడు. అలాంటి మనిషి ఒరిక్స్‌కు వచ్చి ఇచిరో కాలు ఎందుకు ఊగుతోందని అడుగుతాడా? రోజూ ఆడించాడు, అంతే. ఇంకో తమాషా కూడా చేశాడు. మన సీమలో ఏ సభలోనైనా రెడ్డి గారూ అని పిలిస్తే పదిమంది వెనక్కి తిరిగినట్టు, జపాన్‌లో సుజుకి అంటే ప్రతి వీధికీ ఒకరున్నారు. కాబట్టి చొక్కా మీద ఇంటిపేరు తీసేసి ఇచిరో అని మాత్రమే రాయించాడు. కుర్రాడికి మొదట్లో అది ఇబ్బందిగానే ఉండిందట.

ఆ 1994లో ఏమైందో చూడండి. 130 మ్యాచ్‌లు, 210 హిట్లు, సగటు 0.385. జపాన్‌లో ఒక సీజన్లో 200 హిట్లు దాటిన మొదటి మనిషి. అంతకుముందు రికార్డు ఫుమియో ఫుజిమురాది, 1950లో 140 మ్యాచ్‌లకు 191. నలభై నాలుగేళ్లు ఎవరూ కదిలించలేనిదాన్ని ఇరవై ఏళ్ల కుర్రాడు పది మ్యాచ్‌లు తక్కువలోనే దాటేశాడు. లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏడాది అత్యంత విలువైన ఆటగాడు కూడా అతనే. మరి 1993కూ 1994కూ మధ్య అతనిలో మారింది ఏమిటి? కాలు అదే, బ్యాట్ అదే, ఒళ్లు కూడా పెద్దగా పెరిగింది లేదు. పైన కూర్చున్న మనిషి మారాడు.

మేనేజర్ మారితే తలరాత మారిందని ఇక్కడ ఆపేస్తే అది అదృష్టం కథ అయిపోతుంది, దాంతో మనకేం లాభం లేదు. ఓగి గుడ్డిగా నమ్మలేదు. అతను వచ్చేసరికి ఇచిరో గురించి చెప్పే కాగితం ఒకటి సిద్ధంగా ఉంది. వెస్టర్న్ లీగ్‌లో జనం పెద్దగా రారు, టీవీ రాదు, అయినా ప్రతి మ్యాచ్‌లో ప్రతి బంతికీ ఒకడు కూర్చుని స్కోరు రాశాడు. అందుకే పై జట్టులో 0.188 అని ఒక లెక్క ఉంటే, కింది జట్టులో 0.366 అని ఇంకో లెక్క నిలబడి ఉంది. ఒక మేనేజర్‌కు నచ్చకపోయినా ఆ రెండో లెక్క చెరిగిపోలేదు. రెండో జట్టు పిచ్చర్ల మీద కొట్టింది ఒక లెక్కా అని దోయి అనుంటే అనుండొచ్చు, ఆ వాదనలో కొంత న్యాయం కూడా ఉంది, కానీ వాదించుకోవడానికైనా ఒక అంకె ఉండాలి కదా సార్.

మన దగ్గర ఆ అంకె లేదు. నా కళ్లముందు జరిగింది ఒకటి చెబుతాను, పేర్లు ఊర్లు వద్దు. ఒక పల్లె నుంచి వచ్చే కుర్రాడు, ఎడమ చేతి వాటం, బ్యాట్ పట్టుకునేటప్పుడు మోచేయి చెవిదాకా ఎత్తి పెడతాడు, చూడ్డానికి వంకరగానే ఉంటుంది. కానీ బంతి తగలడం మాత్రం తగుల్తుంది, ఇద్దరి మధ్యలోంచి నేలబారుగా పోతుంది. సెలక్షన్ రోజు వరసలో నిలబెట్టి తలా నాలుగు బంతులు విసిరించారు. మూడో బంతికే సెలక్టర్ గారు ముందు బ్యాట్ పట్టుకోవడం నేర్చుకో పో అనేశారు. పిల్లాడు తలొంచుకుని పక్కకొచ్చేశాడు, వాళ్ల నాన్న మాత్రం ఊరుకోలేదు, పొలం పని మానుకుని వచ్చిన మనిషి, నిదానంగా అడిగాడు: "మొన్న మ్యాచుల్లో మావోడు ఎన్ని కొట్నాడో రాసింటారు గదా సార్, అది చూసి చెప్పండి."

రాసింటే కదా! ఆ టోర్నమెంటు తాలూకు కాగితాలన్నీ వెతికిస్తే ఒకే ఒక్క స్కోరు షీటు దొరికింది. దాని మీద రెండు జట్ల పేర్లు, గెలిచినవాళ్లు ఎవరన్నది ఉంది. తిప్పి చూస్తే వెనకాల ఇడ్లీ ప్యాకెట్లు ఎన్ని, వడ ప్యాకెట్లు ఎన్ని, వాటర్ క్యాన్లు ఎన్ని అని చక్కగా గీతలు గీసి, కూడి, కింద సంతకం కూడా పెట్టి ఉంది. వడలకు ఉన్న లెక్క ఆ పిల్లాడి హిట్లకు లేదు. ఆ తండ్రి ఆ కాగితం రెండువైపులా చూసి తిరిగిచ్చేశాడు. పిల్లాడు మరుసటి ఏడాది ఆటకు రాలేదు.

సెలక్టర్ కావాలని చేశాడని నేను అనడం లేదు. పొద్దున్నుంచి ఎండలో నిలబడి, వందమంది పిల్లల్ని సాయంత్రంలోపు పదహారుమందికి దించాలంటే ఎవరైనా కంటికి కనబడే స్టైలే చూస్తారు. సిఫార్సు ఫోన్లు వస్తే అదో టెన్షన్, ఆ సంగతి మళ్లీ ఎప్పుడైనా. అంకె లేని చోట స్టైల్ రాజ్యమేలుతుంది, లేకపోతే ఫోను రాజ్యమేలుతుంది.

అంకె ఉంటే ఏమవుతుందో మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. 2008లో రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ అనే ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లు, ఉత్తరప్రదేశ్ వాళ్లు, అంతకుముందు బేస్‌బాల్ ముఖం కూడా చూడనివాళ్లు, ఒక పోటీలో బంతి విసిరితే స్పీడ్ గన్‌తో కొలిచారు. అందులో నెగ్గి అమెరికా వెళ్లి కొన్ని నెలలు నేర్చుకున్నాక అక్కడి పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు వాళ్లిద్దరితో సంతకం చేయించుకుంది. అమెరికాలో అన్నిటికంటే పైదైన మేజర్ లీగ్ దాకా వెళ్లలేకపోయారు, అది వేరే సంగతి. బంతి ఎట్లా పట్టుకున్నావు, మీ కోచ్ ఎవరు అని మొదటి రోజే ఇంటికి పంపించి ఉంటే ఆ మాత్రం కూడా లేదు.

ఇక మీరు పూర్తిగా రాసిన సియాటిల్ భాగం, దాన్ని మళ్లీ చెప్పి విసిగించను. జపాన్‌లో 1994 నుంచి 2000 దాకా వరసగా ఏడేళ్లు బ్యాటింగ్‌లో మొదటి స్థానం తెచ్చుకున్నవాడు, తొమ్మిది సీజన్లలో 1278 హిట్లు కొట్టినవాడు, 2001లో అమెరికా పోతే అక్కడ మళ్లీ అదే అనుమానం: ఇంత సన్నగా ఉన్నాడు, కొట్టేటప్పుడే పరుగెత్తుతున్నాడు, ఇక్కడి స్పీడుకు ఆగుతాడా అని. ఆ ఏడాది 242 హిట్లు, సగటు 0.350, ఉత్తమ కొత్త ఆటగాడు, ఎంవీపీ రెండూ. ఒకే ఏడాది ఆ రెండూ అందుకున్నది అంతకుముందు 1975లో ఫ్రెడ్ లిన్ ఒక్కడే, అతనూ ఔట్‌ఫీల్డరే.

కానీ మా పిల్లలకు నేను చూపించే వీడియో అతని బ్యాటింగ్‌ది కాదు. 2001 ఏప్రిల్ 11, ఓక్లండ్‌లో మ్యాచ్. ఫస్ట్ బేస్ మీద టెరెన్స్ లాంగ్ ఉన్నాడు, బ్యాటర్ కొట్టిన బంతి రైట్ ఫీల్డ్‌లోకి వచ్చింది, లాంగ్ సెకండ్ బేస్ దాటేసి థర్డ్ బేస్‌కు పరుగు తీశాడు. మామూలుగా అయితే అది సులువుగా అందే బేస్. ఇచిరో ముందుకు పరుగెత్తుకొచ్చి బంతి అందుకుని, ఆ ఊపులోనే విసిరాడు. బంతి పైకి లేవదు, ఎక్కడా నేల తాకదు, గీత గీసినట్టు వచ్చి థర్డ్ బేస్ దగ్గర డేవిడ్ బెల్ గ్లోవ్‌లో పడుతుంది, లాంగ్ జారుకుంటూ వచ్చి తనంతట తానే ఆ గ్లోవ్‌కు తగులుతాడు. ఔట్. అది హైస్కూల్లో పిచ్చర్‌గా అరగదీసిన చేయి సార్. కోషియెన్‌లో మొదటి మ్యాచ్‌కే ఓడిపోయి వచ్చిన చేయి. పిల్లలు ఆ వీడియో పదేపదే వేయమంటారు, ఆ తర్వాత పది నిమిషాలకు గ్రౌండ్‌లో అందరూ బంతిని అట్లాగే విసరబోయి భుజాలు పట్టుకుని కూర్చుంటారు, అదొక తలనొప్పి.

మన ఊరికి గ్రౌండ్లు లేవని కాదు నా బాధ. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల స్టేడియంలో 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ జరిగితే ఇండియా ఆటగాళ్లు వచ్చి ఆడిపోయారు, 2010 నుంచి నాదల్ పేరు మీద టెన్నిస్ స్కూలు నడుస్తోంది. కరువు సీమ అని పేరున్న జిల్లాకు ఇది చిన్న సంగతి కాదు. కొరత ఏదంటే, ఆ గ్రౌండ్ల మీదా, మా స్కూళ్ల గుంతల గ్రౌండ్ల మీదా పిల్లలు ఏం ఆడారో రాసిపెట్టే కాగితం.

అందుకని మీ జిల్లా పేజీకి నా విన్నపం. స్కూల్ గేమ్స్ జరిగినప్పుడు మీరు వేసేది రెండే: రిబ్బన్ కత్తిరిస్తున్న ముఖ్య అతిథి ఫొటో, జిల్లా జట్టుకు ఎంపికైనవారి పేర్లు. ముఖ్య అతిథిని ఒక అంగుళం తగ్గించండి, ఆయన ఏమీ అనుకోడు. ఆ అంగుళంలో మ్యాచ్ స్కోరు వేయండి. ఏ పిల్లాడు ఎన్నిసార్లు బ్యాటింగ్‌కు దిగాడు, ఎన్ని హిట్లు, ఎన్ని తప్పులు, అంతే. గెలిచిన స్కూలువే కాదు, ఓడిన స్కూలు పిల్లలవి కూడా. సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్‌కే అని కాదు, కబడ్డీలో రైడ్ పాయింట్లు, వాలీబాల్‌లో సర్వీసులు, దేనికైనా సరే. పేపర్లో పడుతుందంటే టోర్నమెంటు పెట్టేవాళ్లు రాయక చస్తారా? రేపు ఆ తండ్రి లాంటివాడు ఇంకొకడు వచ్చి అడిగినప్పుడు చూపించడానికి మీ పేపర్ ముక్క అయినా ఉంటుంది. సెలక్టర్ అప్పుడు కూడా వద్దనొచ్చు, కానీ ఎందుకు వద్దంటున్నాడో చెప్పాల్సి వస్తుంది.

ఇందులోనూ మోసాలు జరుగుతాయి, తెలుసు. తమ స్కూలు పిల్లాడు తప్పు చేస్తే హిట్ అని రాసే సార్లు ఉన్నారు, వాళ్లను నేను చూశాను, వాళ్లూ నన్ను చూశారు. రెండు జట్ల వైపు నుంచీ ఒక్కొక్కరు రాసి, చివర్లో సరిపోల్చుకుని సంతకం పెడితే చాలావరకు ఆగుతుంది.

స్కోరు రాసే మనిషి దొరకడని మాత్రం అనొద్దు. నా దగ్గర ఆడి ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లలకు బేస్‌బాల్ స్కోరు బుక్ రాయడం నేర్పించాను, ఆడపిల్లలైతే నాకంటే శుభ్రంగా రాస్తున్నారు. ఈసారి అండర్-17 సెలక్షన్లకు మీ విలేకరిని పొద్దున ప్రారంభోత్సవానికి కాకుండా పదకొండు గంటలప్పుడు, మ్యాచ్ నడుస్తుండగా పంపండి. పుస్తకం మా దగ్గరే ఉంటుంది, ఫొటో తీసుకుని వెళ్లొచ్చు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
అనంతపురం.